చిన్న ట్రాలీయా, పెద్ద ట్రాలీయా: మూడు జిల్లాల సరకుబండి

జనగామ చెలకలలోనేమి, మానుకోట తండాలలోనేమి, భూపాలపల్లి బొగ్గుగనుల చెంతనేమి, సొంతముగా ఒక సరకుబండి కొని కిరాయిలకు నడుపుకొని బ్రతుకవలెనని సంకల్పించిన గృహస్థుని యింట వారములతరబడి సాగు వాదోపవాదములన్నియు తుదకు ఒక్క సందేహమువద్దకే వచ్చి నిలుచుచుండును: ముప్పాతిక టన్ను మోయు చిన్న ట్రాలీని తీసికొనవలెనా, టన్నున్నర మొదలుకొని రెండు టన్నుల వరకు మోయు పెద్దదానిని తీసికొనవలెనా? తండ్రి చిన్నదానివైపును, కొడుకు పెద్దదానివైపును, అప్పిచ్చు ఫైనాన్సువాడు ఎక్కువ వాయిదాలు తెచ్చుదానివైపును మొగ్గుట లోకమున చూచుచున్నదే. ప్రతి యూరను దీనికొక సమాధానము సిద్ధముగా నున్నది గాని, అట్టి సమాధానములలో పెక్కింటికి మూలము ఆ యూరి సరకు కాదు, పొరుగువాని వాకిట నిలిచియున్న బండి. అందుచేత ఈ విషయమును మొదటినుండి తరచి చూచుట నిరర్థకము కాదని నా తలంపు.

నలుబది యేండ్లకు పూర్వము ఈ సందేహమునకు తావే లేదు. కల్లమునుండి ఇంటికి ఎడ్లబండి, ఇంటినుండి మార్కెట్టుకు ట్రాక్టరో లారీయో. ఆ రెంటి నడుమ తగినది మరియొకటి యుండవచ్చునన్న ఊహ, 1980వ దశకమున జపాను సంస్థల సహకారముతో మన దేశమున తేలిక లారీలు తయారగుట మొదలైన పిమ్మటగాని ప్రబలలేదు. టయోటాతో కూడి డీసీఎం సంస్థ తెచ్చిన లారీ, దాని కర్మాగారము చేతులు మారి దశాబ్దములు గడచినను, ఆ పరిమాణపు బండ్లన్నిటికిని తెలంగాణమున తన పేరు విడిచిపోయినది. నిస్సానుతో కూడి హైదరాబాదు ఆల్విన్ సంస్థ జహీరాబాదున నెలకొల్పిన కర్మాగారము తరువాత మహీంద్రావారి వశమైనది. అయినను అవి పట్టణముల నడుమ తిరుగు బండ్లు. గూడెముల సందులలోనికి వచ్చునవి కావు. 2005 మే నెలలో టాటా ఏస్ విపణిలోనికి వచ్చినప్పుడు, రెండు సిలిండర్ల 702 సీసీల డీజిల్ యింజనుతో, 16 అశ్వశక్తితో, 750 కిలోల మోతతో, మూడు చక్రముల ఆటో ట్రాలీకి పైమెట్టుగా, లారీకి క్రిందిమెట్టుగా నిలిచిన ఆ బండి ఆ ఖాళీని పూరించినది. ఇరువది యేండ్లలో అవి ఇరువదియైదు లక్షలకు పైగా అమ్ముడుపోయినవన్నచో ఖాళీ యెంత పెద్దదో ఊహింపవచ్చును. దానివెంట నిస్సాను సహకారముతో అశోక్ లేలాండువారి దోస్త్ 2011లోను, మారుతివారి సూపర్ క్యారీ 2016లోను, టాటావారిదే ఇంట్రా 2019లోను వచ్చినవి. జీపు చట్రమునుండి పుట్టిన బొలెరో పికప్ వీనికన్నిటికి పై అంతస్తున చిరకాలముగా స్థిరపడియుండగా, రెండు టన్నులు మోయు టాటా యోధ 2022లోను, మార్చి తీర్చిన బొలెరో మ్యాక్స్ 2023లోను దానికి తోడైనవి. కావున నేడు కొనువాని యెదుట ఆరువందల కిలోలనుండి రెండు టన్నుల వరకు మెట్లు మెట్లుగా బండ్లు నిలిచియున్నవి. ఎంపిక సులభమగుటకు మారుగా కఠినమగుటకు ఈ సమృద్ధియే హేతువు.

పుస్తకములో వ్రాసిన టన్నులను మాత్రమే చూచువాడు మోసపోవునన్నది ఈ విచారణలో మొదట గ్రహింపవలసిన సంగతి. ఏస్ గోల్డు బాడీ 2200 మిల్లీమీటర్ల పొడవు, 1490 మిల్లీమీటర్ల వెడల్పు. 1700 కిలోల బొలెరో బాడీ తొమ్మిది పది యడుగుల పొడవు, ఐదున్నర యడుగుల వెడల్పు. మోతలో చూచిన రెండవది మొదటిదానికి రెండింతలు దాటినది. బాడీ నేలలో చూచితిమా, ఇంచుమించు ఒకటిన్నర రెట్లు మాత్రమే. ఈ రెండు లెక్కల నడుమనున్న అంతరములోనే వివాదమంతయు ఇమిడియున్నది. సిమెంటు బస్తా 50 కిలోలు. చిన్న ట్రాలీకి పదునైదు బస్తాలతో తీరిపోవును, పెద్దదానికి ముప్పదినాలుగు పట్టును. యూరియా, ఇనుప సలాకలు, టైల్సు, గ్రానైటు బండలు మున్నగు ఘనమైన సరకులన్నిటి విషయమునను ఇంతే: బాడీ సగము నిండకమునుపే కమాన్‌పట్టీలు లొంగిపోవును గనుక, పెద్ద బండి తన పుస్తకపు అంకెకు న్యాయము చేయును. పత్తి కథ వేరు. విడిపత్తిని ఎంత త్రొక్కినను, వలలు కట్టి ఎంత ఎత్తు పేర్చినను, అది స్థలమును మ్రింగునేగాని తూకమును చూపదు. అట్టి సరకుకు వెయ్యి కిలోల అదనపు మోతకై సొమ్ము చెల్లించుట, ఆ అదనములో అధికభాగమును గాలికి చెల్లించుటయే.

డీజిల్ లెక్కను కూడ ఇట్లే విడదీసి చూడవలెను. చిన్నది లీటరుకు పదునెనిమిది కిలోమీటర్లు, పెద్దది పదుమూడు నడచునని అనుకొందము. దారిని బట్టి, తోలువాని కాలిని బట్టి ఇవి మారునని వేరుగ చెప్పనక్కరలేదు. నిండుమోతతో చిన్న ట్రాలీ ఒక లీటరుకు పదమూడున్నర టన్ను-కిలోమీటర్ల పని చేయగా, పెద్దది ఇరువదిరెండు చేయును. కాని పెద్దదానిలో అయిదు క్వింటాళ్లే వేసికొని బయలుదేరినయెడల ఆ పని ఆరున్నరకు పడిపోవును; అదే అయిదు క్వింటాళ్లను చిన్నది తొమ్మిదిగా చేయును. నిండుగ నడచు చిన్నదానితో పెద్దది సమానమగుటకు దానిలో ఎప్పుడును పది క్వింటాళ్లకు పైబడి సరకుండవలెను. కిరాయిబండి వచ్చునప్పుడు ఖాళీగా వచ్చుట పరిపాటి యగుటచేత ఈ హద్దు ఆచరణలో ఇంకను పైకి జరుగును. తన ప్రాంతమున పది పన్నెండు క్వింటాళ్ల కిరాయి ఏడాదిలో ఎన్ని దినములు దొరకునో చెప్పలేనివాడు పెద్ద బండి కొనుటకు ఇంకను సిద్ధము కాలేదనియే నా అభిప్రాయము.

ఈ కొలబద్దతో జనగామను చూచినచో నిర్ణయము శీఘ్రముగా తేలును. హైదరాబాదు-వరంగల్లు మార్గమున, 163వ జాతీయ రహదారిపై నున్న ఈ పట్టణమునకు రాజధాని ఎనుబదియైదు కిలోమీటర్ల దూరము మాత్రమే. ఇచ్చటి సరకులు పాలు, కూరగాయలు, పత్తి, కిరాణము, పెంబర్తి కంసాలుల ఇత్తడి సామగ్రి. పాలక్యాన్లు తెల్లవారకమునుపే కదలవలెను. నలుబది లీటర్ల క్యాను క్యానుతో కలిపి యేబది కిలోలకు దగ్గరగా తూగును గనుక, ఒక పల్లె చుట్టుపట్ల పాలను పదునైదు క్యాన్లలో కూర్చుకొనిన చిన్న ట్రాలీ నిండి కదలును. వడ్లు విస్తారముగా పండినను, అవి కల్లమునుండి ఐకేపీ కేంద్రమునకు ట్రాక్టరు తొట్టిలో పోవునేగాని ట్రాలీలకు దొరకవు. హైదరాబాదు నగరమున పగటివేళ సరకువాహనములకు గల నిర్బంధములు బండి పెరిగినకొలది పెరుగును. ఏస్ 4.3 మీటర్ల వ్యాసార్ధమున తిరుగగలుగుట సంతవీధిలో ఎంత సుఖమో, పెద్ద బండిని ముందుకు వెనుకకు త్రిప్పి త్రిప్పి చెమటలు క్రక్కినవానిని అడిగిన చెప్పును. ఇన్ని కారణములచేత జనగామలో చిన్నదానిదే పైచేయి.

మానుకోటయను మహబూబాబాద్ జిల్లాలో తర్కము తలక్రిందులగును. అచ్చటి రాజు మిర్చి. కేసముద్రమున మార్కెట్టున్నది, మానుకోటలోను ఉన్నది. అయినను ధరపై ఆశగల రైతు దృష్టి వరంగల్లు ఏనుమాముల యార్డుపైననే యుండును. జనవరినుండి ఏప్రిల్ వరకు ఆ దారి పొడవున ఎర్రబస్తాల బండ్లు సాగుచునే యుండును. నలుబది కిలోల చొప్పున ఇరువదియైదు బస్తాలు, అనగా పది క్వింటాళ్లు, ఒక నడితరము రైతు ఒకమారు తీసికొనిపోవు సరకు. చిన్న ట్రాలీకి అది చట్టప్రకారము రెండు నడకల పని. ఏనుమాములలో వేకువ వరుసలో నిలిచి, అడ్తిదారుని వద్ద కుప్ప పోసి, బేరము కుదిరి, కాంటా అయి, హమాలీలు దింపుకొనునప్పటికి ఒక దినము గడచిపోవును గాన, రెండవ నడక మరునాటి మాట. మరునాటికి ధర యేమగునో ఎవ్వరెరుగుదురు? మిర్చికి సమయమే మూల్యము. పైపెచ్చు కాయ నలిగిన, విరిగిన, వెల తరిగిపోవును. ఇరుకు బాడీలో బస్తాపై బస్తా కుక్కి, పైన కూలీలు కూర్చుండి పోవు పద్ధతి సరకునకును క్షేమము కాదు, మనుష్యులకును క్షేమము కాదు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్లు చపాటా వంటి లావుపాటి గుండ్రని కాయ విషయమున ఈ జాగ్రత్త మరింత అవసరము. ఇచ్చట విశాలమైన నేల, బలమైన కమాన్‌పట్టీలు గల పెద్ద ట్రాలీ ఒక్క నడకలో పని ముగించును. తండాలలో అన్నదమ్ములు, వియ్యంకులు ముగ్గురు నలుగురు కలిసి ఒక్క బండి మాటాడుకొనుట ఆచారమగుటచేత పది క్వింటాళ్ల హద్దును అవలీలగా దాటుదురు. సీజను నాలుగు నెలలేగదా, తక్కిన ఎనిమిది నెలలు ఏమి చేయునన్న ఆక్షేపణ సహేతుకమైనదే. తొర్రూరు, మరిపెడ మార్గములలో ఇంటి నిర్మాణపు సరకులు, విత్తనాల ఎరువుల కిరాయిలు దొరకినవాడు నిలదొక్కుకొనుచున్నాడు. దొరకనివాడు వర్షాకాలమున వాయిదాలకై తడుముకొనుచున్నాడు.

ఈ విచారణలో ఎల్లరును తప్పించుకొనిపోవు విషయమొకటి కలదు. చిన్న ట్రాలీని మెచ్చుకొనువారిలో పెక్కుమంది మెచ్చుకొనునది దాని చట్టబద్ధమైన శక్తిని గాదు. 750 కిలోల బండిపై పదునైదు వందలు వేసి నడిపిన అక్రమమును. అదనముగా రెండు కమాన్‌పట్టీలు వేయించి, టైర్లు మార్పించి, దీనితోనే పెద్దదాని పని జరుగుచున్నదికదా యని వారు వాదింతురు. జరుగుచున్నమాట నిజమే, బ్రేకులు మాత్రము కంపెనీ యిచ్చిననాటివే. పల్లములో దిగునప్పుడు ఆ బ్రేకులమీదను, వంపులో తిరుగునప్పుడు ఆ ఎత్తైన మోతమీదను ప్రాణములు ఆధారపడియుండును. అధికభారమునకు మోటారు వాహనముల చట్టపు 2019 సవరణ ఇరువదివేల రూపాయల జరిమానాను, ఆపై టన్నుకు రెండువేలను నిర్ణయించినది. ఒక్కమారు పట్టుబడినచో ఎన్ని కిరాయిల లాభము కరగిపోవునో లెక్క వేసికొనుట కష్టము కాదు. మిర్చి ఏరు కూలీలను సరకుబండిలో ఎక్కించుకొనిపోవుట మరింత భయంకరము. ప్రమాదము జరిగిననాడు బీమా సంస్థ ఆ ప్రయాణికులకు బాధ్యత తనది కాదని వాదించును. కోర్టుల చుట్టు తిరుగునది బండి యజమాని, చితికిపోవునది కూలి కుటుంబము. కావున పెద్ద చిన్నల పోలిక చేయదలచినవాడు రెండు బండ్లను చట్టము గీచిన గీతలోపల నిలిపియే పోల్చవలెను. అట్లు నిలిపినప్పుడు చిన్నదాని చవకతనములో చాలభాగము ఆవిరియగును.

చట్టము మాట వచ్చినది గనుక మరి రెండు గీతలను గూర్చి చెప్పి ఆ ప్రస్తావనను ముగించెదను. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 66వ విభాగము, బండి బరువు, సరకు బరువు కలిసి 3000 కిలోలకు మించని సరకువాహనములకు పర్మిట్టు అక్కరలేదని మినహాయింపునిచ్చినది. చిన్న ట్రాలీలన్నియు, 1300 కిలోల తరగతిలో ఇంట్రా వంటివి ఈ గీతకు లోపలనే యుండగా, 1700 కిలోల బొలెరో దానిని దాటును. లైసెన్సు విషయమున మాత్రము భేదము లేదు: 7500 కిలోల లోపు రవాణా వాహనమును తేలిక మోటారు వాహనపు లైసెన్సుతోనే నడుపవచ్చునని సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2024 నవంబరు 6న తీర్పు చెప్పినది. పెద్దదానికి వేరు లైసెన్సు కావలెనన్న భయముతో చిన్నది కొనువారు ఆ భయమును ఇక విడువవచ్చును.

ధన విషయము. 2025 జూన్‌లో వచ్చిన ఏస్ ప్రో ప్రారంభ ధర అప్పుడు 3.99 లక్షలు, పెద్ద తరగతి బండి రోడ్డెక్కునప్పటికి దానికి రెండింతలు దాటును. అదే సంవత్సరము సెప్టెంబరు 22 నుండి సరకువాహనములపై జీఎస్టీ 28 శాతమునుండి 18 శాతమునకు దిగుటచేత రెంటికిని ఊరట కలిగినను, రూపాయలలో చూచిన ఎక్కువ ఊరట పెద్దదానికే. 2021లో మొదలైన దళితబంధు పథకమున కుటుంబమునకు పది లక్షలు చేతికి వచ్చినప్పుడు లబ్ధిదారులలో అనేకులు వాహనములవైపే మొగ్గిరి. తప్పు వారిది కాదు. చేతికి అందివచ్చిన జీవనోపాధి అదియే. కాని ఒక్క గ్రామమున ఒకే పరిమాణపు ట్రాలీలు నాలుగైదు ఒక్కమారు దిగినప్పుడు కిరాయి రేటు పడిపోవుట అనివార్యము. అట్టియెడ నాలుగవవాడు తక్కినవారికన్న భిన్నమైన పరిమాణము నెన్నుకొనుట తెలివి. ఊరిలో ఉన్నవన్నియు చిన్నవే యైనచో పెద్దదానికి మనుగడ యుండును. పెద్దవే యైనచో చిన్నదానికి.

డబుల్ క్యాబిను పికప్పుల ప్రస్తావన లేక ఈ సమీక్ష పూర్ణము కాదని యువకులు ఆక్షేపింతురు. శ్రీసిటీలో 2016లో ప్రారంభమైన కర్మాగారమున తయారగు ఇసుజు వీ-క్రాసు, 2022లో దేశమునకు వచ్చిన టయోటా హైలక్సు చూపునకు ఠీవిగలవి. పాతిక ముప్పది లక్షల ధరకు వానిని కొను కాంట్రాక్టరు వెనుకబాడీలో టార్పాలిను, రెండు గడ్డపారలు తప్ప అరుదుగ వేయును. ఈ మోజుకు మూలము కొంతవరకు అమెరికా. డల్లాసు పరిసరములలో స్థిరపడిన మన జనగామ, మానుకోట బిడ్డలు పంపు ఛాయాచిత్రములలో ఫోర్డు ఎఫ్-150 కానవచ్చును. ఆ ఎఫ్ శ్రేణి 1977 నుండి ఆ దేశమున ట్రక్కులన్నిటిలో అమ్మకమున ప్రథమస్థానము నాక్రమించుకొనియున్నది. అచ్చట నడితరము, పూర్తి పరిమాణము అని వాదించుకొనువారి కొలతలు వేరు. రెండు మీటర్లకు పైగా వెడల్పుగల ఆ పూర్తి పరిమాణపు బండి సామాన్యముగా బాడీపై మోయునది ఒక టన్ను లోపే. నడితరముదైన టయోటా టకోమా మోతయు మన ఏస్ మోతయు ఇంచుమించు ఒక్కటే. ఎఫ్-150 గొప్ప వెనుక తగిలించిన ట్రెయిలరును లాగుటలో ఉన్నది, అయిదారు టన్నులైనను లాగును. లాగుడు పనిని మన పల్లెలలో ట్రాక్టరు చేయుచున్నది గనుక, ఆ వాదమును ఇచ్చటికి దిగుమతి చేసికొనుట వ్యర్థము.

భూపాలపల్లిని చివరకు ఉంచుకొనుటకు కారణమున్నది: అచ్చట పై రెండు జిల్లాల తీర్పులలో ఏదియు సరిగా అతకదు. సింగరేణి కాకతీయ ఖనులు, చెల్పూరులోని 500, 600 మెగావాట్ల యూనిట్లుగల కాకతీయ విద్యుత్కేంద్రము, మహదేవపూర్ వైపు గోదావరి ఇసుక, ఇవన్నియు జిల్లాకు ధనము తెచ్చినను, బొగ్గును ఇసుకను మోయునవి టిప్పర్లు, లారీలు. ట్రాలీవానికి వానినుండి మిగులునది గోతులు పడిన రోడ్డు. పన్నెండంగుళముల చక్రము గల చిన్న ట్రాలీ ఆ గోతులలో దిగినప్పుడెల్ల బుష్షులు, షాకబ్జార్బర్లు అరిగిపోవును. పదునైదంగుళములకు తగ్గని చక్రము గల పెద్ద బండి దానిని సహించును గాని, మహాముత్తారము, పలిమెల అడవిదారులలో ఖాళీగ వచ్చునప్పుడు వెనుక బరువు లేక తడిమట్టిలో వెనుకచక్రములు గిరగిర తిరుగుచు నిలిచిపోవును; ఈ బండ్లు వెనుకచక్రములతో నడచునవి గదా. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచినప్పుడును, 2024 సెప్టెంబరు 1న ఆకేరు పొంగి పురుషోత్తమాయగూడెము చెంత జాతీయ రహదారి తెగి, ఇంటికన్నె కేసముద్రముల నడుమ రైలుకట్ట కొట్టుకొనిపోయినప్పుడును తెలియవచ్చినదేమనగా, పారు నీటి యెదుట పెద్ద బండికి చిన్న బండికి తారతమ్యము లేదని. ఇక కిరాయిలు చూతమా, గని క్వార్టర్లనుండి ఉద్యోగుల ఇంటిసామాను, నీళ్ల క్యాన్లు, గ్యాసు సిలిండర్లు, కాంట్రాక్టర్ల పైపులు, పనిముట్లు. ఇవి స్థలము కోరునవి, మధ్యమ భారము గలవి. 1300 కిలోల ఇంట్రాయో, 1250 నుండి 1500 కిలోల దోస్తో ఇచ్చటికి తగినవి. పర్మిట్టు గీతకు లోపల, పది క్వింటాళ్ల హద్దుకు కొంచెము పైన నిలుచు ఈ నడితరగతిని కొనువారు ఒక యెడ చిన్నదాని చవకకు, వేరొక యెడ బొలెరో పేరుకు లొంగి తరచుగ ఉపేక్షింతురు.

మరమ్మతు, మారుబేరముల విషయమున మాత్రము ఈ నడితరగతికి లోపమున్నది. ఏస్‌కు, బొలెరోకు పరకాలలోను జనగామలోను రోడ్డుప్రక్క షెడ్డులోనే విడిభాగము దొరకును, అయిదేండ్ల పిమ్మట అమ్మబోయిన కొనువాడు వాకిటికి వచ్చును. తక్కినవాటికి వరంగల్లు పోవలసివచ్చుట, బేరము దిగుట కద్దు. 2022లో వచ్చిన విద్యుత్ ఏస్‌ను గూర్చి అడుగువారికి నా సమాధానము క్లుప్తము: జనగామలో పాలదారి వలె ప్రతిదినము ఒకే దూరము నడచి రాత్రికి ఇల్లు చేరు బండికి అది పనికివచ్చును, పలిమెలకు కిరాయి ఒప్పుకొనువాడు ఇంకను కొంతకాలము డీజిల్‌తోనే ఉండవలెను.